లాండ్రీ గదిల మిల్లు సైరను

ఉమ్మల్ ఖువైన్‌ల రెండో డివిజను క్లబ్బుకు
బట్టలుతికేది నేను.
పదకొండు మంది చెమట నాకు వాసనతోనే ఎరుక.
ఎడమ బ్యాక్ ఆడే సూడాన్ పిలగాడు మెంతులు తింటడు.
కెప్టెన్ అత్తరు పూసుకొని ఓడిపోతడు.

గోల్‌కీపర్లకు నేర్పే జెనివాల్దో మాత్రం
తన గ్లౌజులు నాకియ్యడు.
బాత్రూంల తానే కడుక్కొని
ఏసీ డబ్బా వెనుక వేడిగాలికి ఆరేసుకుంటడు,
అరచేతులు పగిలి స్పాంజి బయటికొచ్చిన గ్లౌజులు.
ఒకనాడు అడిగితే
సగం హిందీ, పావు అరబ్బీ, మిగిలింది చేతులు కలిపి చెప్పిండు:
"లింబో, ఇవి తొమ్మిది గోల్స్ తిన్నయి."
నా పేరు లింబాద్రి.
ఆయన నోరు అక్కడిదాకే తిరుగుతది.

వాళ్ళ ఊరు బ్రెజిల్‌ల, చెరుకు నడుమ.
క్లబ్బు పేరు ఉసీనా.
ఉసీనా అంటే చక్కెర మిల్లు అన్నడు.
ఆ సంగతి ముందే చెప్పొద్దా!
మాది బోధన్ అంటిని.
మా నాయిన బాయిలర్ కాడ పనిచేసిండు అంటిని.
డ్రయ్యర్ మీద చాయ్ గ్లాసులు పెట్టుకొని
ఆ రాత్రి మొదలుపెట్టినం.

మొదటి జెర్సీలు చక్కెర సంచులు చింపి కుట్టినయట.
నంబర్లు లేవు,
అందరి వీపుల మీద ఒకటే ముద్ర: అరవై కిలోలు.
బక్కోడైనా బలిసినోడైనా అరవై కిలోలే.
గ్రౌండుకు లైట్లు మిల్లు కరెంటుతోని.
గానుగ జోరందుకుంటే లైట్లు గుడ్డిగైతుండె,
ఆ మసక చీకట్లనే మావోళ్ళు గోల్ కొడుతుండిరి అని నవ్విండు.
డెబ్బై ఒకటిల రాష్ట్రం కప్పు.
ఫైనల్‌ల వాన. బంతి నీళ్ళల్ల తేలుతుంటే
బాయిలర్ మనిషి ఒకడు మోకాలుతో తోసిండట లోపలికి.
నాకెందుకో ఆ మోకాలు మా నాయినదనిపించింది.
ఆయన జన్మల బంతి తన్నలేదు.

ఆ తర్వాత కథ నాకు చెప్పక్కర్లేదు,
అయినా విన్న.
మెల్లగ మొదలైతది. ముందు ఓవర్‌టైం బంద్,
తర్వాత జీతం రెండు ముక్కలు,
తర్వాత గేటుకు కాగితం.
లైట్లు పోయినయి. మిట్టమధ్యాన్నం మ్యాచులు.
రెండో మెట్టు, మూడో మెట్టు,
ఇంక కిందికి మెట్లే లేని చోటు.
కోళ్ళ ఫారం సేటు ఒకడు స్పాన్సరైండు,
డ్రా చేస్తే మనిషికో కోడి, గెలిస్తే రెండు.
"ఆ ఏడు కోడికూర రుచే మరిచిపోయిన" అన్నడు.
ఆఖరి మ్యాచు తొమ్మిది సున్నా.
గోల్ పోస్టుకు ఎవరో మేకను కట్టేసిండ్రు,
తెల్లారేసరికి సగం నెట్టు లేదు.

పదకొండేండ్లకు, మొన్న, మళ్ళ లేచిందట ఉసీనా.
లాటరీ చీట్లమ్మిండ్రు,
మంగలి షాపుల డబ్బా పెట్టిండ్రు,
అద్దె జనరేటరు తెచ్చి లైట్లేసిండ్రు.
అక్కడ రాత్రి ఎనిమిది, ఇక్కడ తెల్లారగట్ల మూడు.
మిషన్లన్నీ ఆపి, సబ్బు డబ్బా మీద ఫోను పెట్టి
రేడియో విన్నం.
నాకు ఒక్క ముక్క తెల్వది.

అప్పుడు మోగింది సైరను.
మిల్లు కొన్నోడు ఇనుమంతా తూకానికేస్తే
అదొక్కటి ఎవరో రాత్రిపూట ఎత్తుకపోయి
పెరట్ల దాచిండ్రట.
ఇప్పుడు ఆట మొదలుకు దాన్నే కూయిస్తరు.

నేను లేచి నిలబడ్డ.
చేతులు సద్ది గిన్నె కోసం దేవులాడినయి.
మధ్యాహ్నం సైరనుకు గేటు కాడికి
నాయిన అన్నం మోసింది నేనే,
మూతమీద మామిడితొక్కు, ఎండల ఉరుకుడు.
జెనివాల్దో నా దిక్కు చూసిండు.
ఏమనలేదు.
తన గ్లౌజులు తొడుక్కొని
నేల మీద కూసున్నడు, పోస్టుకు ఆనుకున్నట్టు.

ఎనభై మూడో నిమిషంల డేటా అయిపోయింది.
అప్పటికి సున్నా సున్నా.
రీచార్జి దుకాణం ఏడింటిదాకా తెరువరు.
గోడ అవతల సముద్రం ఉన్నదో లేదో అన్నట్టుంది.
"గిట్లనే ఆగితే మనిషికో కోడి" అన్నడు జెనివాల్దో
గ్లౌజుల చేతులతోనే
చల్లారిన చాయ్ ఎత్తుకుంట.